ఫిర్యాదు అందిన రోజు నుంచి: ఒక ఔషధ కర్మాగారంలో కక్షసాధింపు కేసు

మొదటి ఫిర్యాదు రెండు పేజీలు. రెండోది తొమ్మిది పేజీలు, దాని వెనక బోలెడన్ని జతపత్రాలు. మొదటిదానిలో ఆరోపణ ఒక సెక్షన్ అధిపతి మీద. రెండోదానిలో ఏకంగా యాజమాన్యం మీద. హైదరాబాద్ శివారులోని ఆ ఔషధ కర్మాగారం వారు నన్ను పిలిచింది ఈ రెండోది లీగల్ నోటీసుగా ఎండీ బల్ల మీదికి చేరాకే. కార్మిక చట్టాల న్యాయవాదిగా నా దగ్గరికి వచ్చే ఇలాంటి దస్త్రాలు చాలావరకు ఈ దశలోనే వస్తాయి. అసలు ఫిర్యాదు నిలుస్తుందో వీగిపోతుందో విచారణ ముగిసేదాకా ఎవరూ చెప్పలేరు. ఫిర్యాదు తర్వాత జరిగిన పనులు మాత్రం రిజిస్టర్లలోనూ కంప్యూటర్లలోనూ తేదీలతో సహా భద్రంగా ఉంటాయి.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదీ, ప్రతివాది, సాక్షుల గుర్తింపును బయటపెట్టవద్దంటుంది. అందుకే వారిని, సంస్థను గుర్తుపట్టగల వివరాలను ఇక్కడ మార్చాను. జరిగిన వరుసను మాత్రం మార్చలేదు.

ఏం జరిగింది

ఫిర్యాదు చేసినవారు క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్ట్. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే క్రోమటోగ్రఫీ యంత్రాలైన హెచ్‌పీఎల్‌సీల మీద ఆమెకు మంచి చేయి ఉంది. ఔషధ రంగంలో ఉన్నవారికి దీని విలువ చెప్పనక్కర్లేదు. జీతం ఎంతైనా కానీ, యంత్రం మీద రోజూ పని చేసే కెమిస్ట్‌కి మరో కంపెనీలో ఉద్యోగం దొరుకుతుంది. రిజిస్టర్లు రాసే కెమిస్ట్‌కి దొరకదు. సెక్షన్ అధిపతి రాత్రివేళ ఫోనుకు పంపిన సందేశాల గురించి, ల్యాబ్‌లో పదిమంది ఎదుట చేసిన వ్యాఖ్యల గురించి ఆమె, ఇలాంటి ఫిర్యాదులను విచారించే సంస్థ అంతర్గత కమిటీకి రాసి ఇచ్చారు. తోటి కెమిస్ట్ ఒకరు సాక్ష్యం చెప్పడానికి ముందుకు వచ్చారు.

తర్వాతి నెలన్నరలో ఆమెను హెచ్‌పీఎల్‌సీ నుంచి తప్పించి శాంపిళ్లు అందుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు. జనరల్ షిఫ్టు పోయి మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు ఉండే షిఫ్టు వచ్చింది. ల్యాబ్ వాట్సాప్ గ్రూపు మూగబోయింది. ఆమె, ఆ సాక్షి లేకుండా కొత్త గ్రూపు ఒకటి మొదలైందని తర్వాత తెలిసింది. విదేశీ తనిఖీ అధికారులు రాబోతున్నారని ఇచ్చిన శిక్షణ జాబితాలో ఆమె పేరు లేదు. వార్షిక అప్రైజల్‌లో రేటింగ్ పడిపోయింది. చివరికి హెచ్‌ఆర్ వాళ్లు ఆమె బల్లను వేరే బ్లాకుకు మార్చారు. సాక్షికి చెల్లెలి పెళ్లికి అడిగిన సెలవు దొరకలేదు.

దీన్నే మన ఊళ్లలో పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. నోటీసు రాసిన న్యాయవాది కూడా కథను అలాగే అల్లారు: సెక్షన్ అధిపతి పగబట్టాడు, యాజమాన్యం వత్తాసు పలికింది. దస్త్రం చదివిన ఎవరికైనా మొదట అదే తోస్తుంది.

తేదీల పట్టిక

నేను ఎవరినీ సంజాయిషీ అడగలేదు. సంజాయిషీ అడిగితే మనుషులు జరిగినదానికి తగిన కారణాన్ని వెతుక్కుంటారు, నిజంగానే ఆ కారణంతో చేశామని కొన్నాళ్లకు నమ్ముతారు కూడా. రికార్డులు మాత్రమే అడిగాను: షిఫ్టు రోస్టర్ పాత ప్రతులు, అప్రైజల్ సాఫ్ట్‌వేర్లో మార్పుల చరిత్ర, సెలవుల దరఖాస్తులు, శిక్షణ జాబితా పంపిన మెయిళ్లు, క్రోమటోగ్రఫీ సాఫ్ట్‌వేర్ ఆడిట్ ట్రయల్. వీటన్నిటినీ ఒకే పట్టికలోకి ఎక్కించి, ఫిర్యాదు అందిన తేదీ దగ్గర అడ్డంగా ఒక గీత గీశాను. గీతకు పైన ఏముంది, కింద ఏముంది, ప్రతి పని ఎవరి చేతి మీదుగా జరిగింది. తొమ్మిది పేజీల నోటీసుకు జవాబు ఈ పట్టికలోంచే రావాలి.

ఆడిట్ ట్రయల్ దగ్గర అందరం ఆగిపోయాం. అమెరికాకు మందులు అమ్మే కర్మాగారాల్లో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తనంతట తానే రాసుకుంటుంది. దాన్ని చెరపడానికి వీలుండదు. కమిటీ నోటీసు సెక్షన్ అధిపతికి అందినట్టు సంతకం మధ్యాహ్న భోజనానికి ముందు ఉంది. ఆమె లాగిన్‌ను నిలిపివేసిన నమోదు అదే సాయంత్రం టీ వేళకు ఉంది. మార్పుకు కారణం రాయాల్సిన గడిలో ఆంగ్లంలో రెండే మాటలు: వ్యాపార అవసరం. ఆ గదిలో ఉన్న క్వాలిటీ విభాగం పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఒక బ్యాచ్ ఫలితం మార్చి ఈ కారణం రాస్తే నేనే ఒప్పుకోను" అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. నోట్‌బుక్‌లో ఒక అంకె దిద్దితే అడ్డగీత, సంతకం, తేదీ, కారణం కావాలనే పరిశ్రమ, మనిషి పనిని మారిస్తే మాత్రం ఏమీ అడగదు. తర్వాత మేం పెట్టుకున్న ఏర్పాటుకు బీజం ఆ మాటలోనే పడింది.

పట్టిక చూపిన రెండో సంగతి నోటీసు రాసినవారూ ఊహించనిది. ఈ పనులన్నీ ఒక్కరు చేసినవి కావు. లాగిన్ ఆపించిందీ రేటింగ్ మార్చిందీ సెక్షన్ అధిపతే. షిఫ్టు మార్చింది ప్లాంటు ప్లానింగ్ విభాగం. వాట్సాప్ గ్రూపు పెట్టింది ఒక జూనియర్ కెమిస్ట్, "గొడవల్లో మనకెందుకు" అన్న భయంతో. బల్ల మార్చింది హెచ్‌ఆర్. సెలవు కాదన్నది షిఫ్టు ఇన్‌ఛార్జి. కుట్ర జరగలేదు. ఎవరికివారు తమ పని తాము చేసుకుపోయారు, మొత్తాన్ని చూసే కళ్లు మాత్రం ఎవరికీ లేవు. బయటి నుంచి చూసేవారికి, రేపు న్యాయస్థానానికి కూడా, అది కుట్రలాగే కనిపిస్తుంది.

"జీతం తగ్గలేదు కదా"

ఎండీ మొదటి ప్రశ్న ఇది. జీతం తగ్గలేదు, హోదా మారలేదు, మరి నష్టమేమిటి? చాలామంది యజమానులు నిజాయతీగానే ఇలా అనుకుంటారు.

ఈ ప్రశ్నకు దొరికే అత్యంత స్పష్టమైన జవాబు అమెరికా సుప్రీంకోర్టు 2006 జూన్‌లో ఇచ్చిన తీర్పు, బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వే వర్సెస్ వైట్. టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లోని రైల్వే యార్డులో పట్టాల నిర్వహణ విభాగానికి వైట్ ఒక్కరే మహిళ. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. ఫోర్‌మన్ మీద 1997లో ఫిర్యాదు చేస్తే కంపెనీ అతన్ని 10 రోజులు సస్పెండ్ చేసింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ శిక్ష గురించి చెప్పిన సంభాషణలోనే, ఆమెను ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసి పట్టాల మీద బరువు పనికి పంపుతున్నట్టూ చెప్పారు. జీతం అదే, ఉద్యోగ వర్గం అదే. తర్వాత అవిధేయత పేరుతో జీతం లేకుండా సస్పెండ్ చేశారు. అవిధేయత ఏమీ లేదని కంపెనీయే తేల్చి 37 రోజుల జీతం వెనక్కి ఇచ్చింది. అయినా జ్యూరీ విధించిన 43,500 డాలర్ల పరిహారాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ చర్య వల్ల సాధారణ ఉద్యోగి ఫిర్యాదు చేయడానికే వెనకాడే పరిస్థితి వస్తుందా అన్నదే కోర్టు పెట్టిన కొలత. షిఫ్టు వేళల మార్పు అందరికీ ఒకటి కాదని, బడికి వెళ్లే పిల్లలున్న తల్లికి అది పెద్ద దెబ్బ కావచ్చని కూడా అందులో రాశారు. ఫోర్క్‌లిఫ్ట్ ఉన్న చోట హెచ్‌పీఎల్‌సీ అని పెట్టి చదవమని ఎండీకి చెప్పాను.

అమెరికా తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. మన సుప్రీంకోర్టు తీర్పు కట్టిపడేస్తుంది. 2020 ఫిబ్రవరి 25న పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసులో వచ్చిన తీర్పును ప్రతి హెచ్‌ఆర్ అధికారీ చదవాలి. ఇందౌర్ శాఖలో నాలుగో స్కేలు అధికారిగా ఉన్న మహిళ శాఖలోని అవకతవకల గురించి పై అధికారులకు రాశారు, జోనల్ మేనేజర్ మీద వేధింపుల ఆరోపణ చేశారు. ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సర్సావా శాఖకు బదిలీ చేశారు. అది అధికారుల్లో అన్నిటికన్నా కింది హోదా అయిన ఒకటో స్కేలు అధికారి ఉండాల్సిన చోటు. బదిలీ ఉద్యోగంలో భాగమేనని, పాలనాపరమైన నిర్ణయమని బ్యాంకు వాదించింది. సాధారణంగా ఆ వాదన నెగ్గుతుంది. బదిలీల్లో కోర్టులు అంత తేలిగ్గా వేలు పెట్టవు. ఇక్కడ నెగ్గలేదు. ఆమె కక్షసాధింపుకు గురయ్యారని కోర్టు తేల్చి, తిరిగి ఇందౌర్ శాఖలో వేయమని, 50,000 రూపాయల ఖర్చులు చెల్లించమని ఆదేశించింది.

ఆ తీర్పులో మరో మాట ఉంది, అది నాకు నేరుగా తగిలేది. కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చున్నవారు బ్యాంకు ప్యానెల్ న్యాయవాది, అంటే బ్యాంకు తన పనులకు పెట్టుకునే న్యాయవాదుల్లో ఒకరు. ఆ స్థానంలో స్వతంత్ర వ్యక్తి ఉండాలన్నదే చట్టం ఉద్దేశమని కోర్టు గుర్తుచేసింది. ఈ కర్మాగారం వారు కూడా, "మీరే కమిటీలో కూర్చోండి మేడమ్, పని తేలికవుతుంది" అన్నారు. తేలికవుతుంది, విచారణ చెల్లకుండా పోవడానికి. సలహా ఫీజు తీసుకునే న్యాయవాది ఆ కుర్చీలో కూర్చోకూడదు.

ఆమె మంచికే

దస్త్రంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది సెక్షన్ అధిపతి చేసిన పని కాదు. అది పచ్చిగా కనిపిస్తోంది, దిద్దుకోవచ్చు. హెచ్‌ఆర్ చేసినదే చిక్కు.

"ఆయన కళ్ల ముందు కూర్చోవడం ఆమెకు ఇబ్బందిగా ఉంటుందని వేరే బ్లాకుకు మార్చాం మేడమ్. ఆమె మంచికే."

"ఆమె అడిగారా?"

"అడగలేదు. కానీ..."

చట్టంలోని 12వ సెక్షన్ విచారణ సాగుతుండగా ఫిర్యాదీనో ప్రతివాదినో బదిలీ చేయమని, ఫిర్యాదీకి మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని సిఫారసు చేసే అధికారం కమిటీకి ఇస్తుంది. దానికి షరతు, ఆమె రాతపూర్వకంగా కోరాలి. ఆమె కోరకుండా, కమిటీ చెప్పకుండా మారిస్తే, ఎంత మంచి మనసుతో చేసినా అది ల్యాబ్ నుంచి వెళ్లగొట్టడమే అవుతుంది. మిగతావారికి కనిపించేది కూడా అంతే: ఫిర్యాదు చేసినావిడ బల్ల పోయింది, ఆయన బల్ల అక్కడే ఉంది. మరో ఫిర్యాదు రావాలంటే ఎవరికి ధైర్యం చాలుతుంది? నేను చూసిన కేసుల్లో ద్వేషంతో జరిగినవాటి కన్నా ఈ అడగని దయతో జరిగినవే ఎక్కువ. అవి తప్పని ఒప్పించడం కూడా కష్టం, ఎందుకంటే చేసినవారికి తాము తప్పు చేశామన్న అనుమానమే ఉండదు.

కోరుకోవాల్సింది ఆమె కాబట్టి, ఆ కోరిక అడగాల్సిన బాధ్యత యాజమాన్యానిది. ఫిర్యాదు అందిన రోజే కమిటీ అధ్యక్షురాలు ఆమెకు ఈ వెసులుబాట్లన్నీ చెప్పి, ఏది కావాలో, ఏదీ వద్దో రాసి తీసుకుని ఉంటే ఈ నోటీసులో రెండు పేజీలు ఉండేవి కావు. అదే చట్టం కింద 2013లో వచ్చిన నియమావళి 8వ నియమం మరో దారి చూపిస్తుంది: ఫిర్యాదీ పనితీరు మీద ప్రతివాది నివేదిక రాయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. అప్రైజల్ రేటింగ్ గొడవ మొత్తానికి మందు ఈ ఒక్క నియమంలోనే ఉంది. దాన్ని కమిటీలో ఎవరూ చదవలేదు.

ఏది నిలిచింది, ఏది నిలవలేదు

షిఫ్టు మార్పును మేం సమర్థించుకున్నాం. ల్యాబ్‌లో జనరల్ షిఫ్టునే ఎత్తివేయాలని ప్లానింగ్ విభాగం పంపిన మెయిలు పట్టికలో గీతకు పైన ఉంది, ఫిర్యాదుకు ముందు తేదీతో. అది అందరికీ వర్తించింది. క్లార్క్ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2001లో చెప్పిందీ ఇదే: ముందే అనుకున్న పనిని ఫిర్యాదు వచ్చిందని యజమాని ఆపేయనక్కర్లేదు. అయితే ముందే అనుకున్నట్టు కాగితం ఉండాలి. "మేం ఎప్పటి నుంచో అనుకుంటున్నాం" అన్న మాటకు విలువ లేదు. ఫిర్యాదు తర్వాత యజమాని పరిస్థితి తాటిచెట్టు కింద పాలు తాగినవాడిలాంటిది. గిన్నెలో పాలే ఉన్నాయని చూపించే తేదీ ఉన్న కాగితం ఒక్కటే ఆయనకు దిక్కు.

రేటింగ్‌లో ఆ దిక్కు లేదు. ఫిర్యాదుకు ముందు సాఫ్ట్‌వేర్లో దాచిన చిత్తు ప్రతిలో నాలుగు ఉంది. ఖరారు చేసినప్పుడు రెండయింది. మధ్యలో ఒక్క మెమో లేదు, ఒక్క హెచ్చరిక లేదు. శిక్షణ జాబితాకు కూడా జవాబు లేదు. బల్ల సంగతి పైన చెప్పాను. నోటీసులో బదిలీ గురించి పారిశ్రామిక వివాదాల చట్టం అయిదో షెడ్యూలును కూడా ఉదహరించారు. యాజమాన్య విధానం ముసుగులో దురుద్దేశంతో చేసే బదిలీ అందులో అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉంది. ఒకే ప్రాంగణంలో బ్లాకు మార్పును ఆ మాట కిందికి తేవడం కష్టమే. కష్టమని వాదించుకుంటూ ఏళ్లు గడపడం కంపెనీకి లాభమా అన్నది వేరే ప్రశ్న. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ జాబితా రెండో షెడ్యూలుగా కొనసాగుతోంది.

సాక్షి విషయంలో చర్చే లేదు. 1997 నాటి విశాఖ తీర్పు మార్గదర్శకాలే బాధితులతో పాటు సాక్షులకూ వేధింపు ఎదురుకాకుండా చూడాలన్నాయి. షిఫ్టు ఇన్‌ఛార్జికి నిజంగా మనుషులు తక్కువయ్యారా అంటే, అదే వారంలో మరో ఇద్దరికి సెలవు ఇచ్చారు.

ఈలోగా కమిటీ నివేదిక వచ్చింది. ఫిర్యాదులోని ప్రధాన ఆరోపణ రుజువు కాలేదు. సందేశాల విషయం మాత్రం అనుచిత ప్రవర్తనగా తేలింది. ఇది వినగానే యాజమాన్యంలో కొందరు ఊపిరి పీల్చుకుని, తప్పుడు ఫిర్యాదని ఆమె మీద చర్య తీసుకుందామన్నారు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది దురుద్దేశపు ఫిర్యాదు కాదని 14వ సెక్షన్ సూటిగా చెబుతోంది. ఆ చర్య తీసుకుని ఉంటే నోటీసుకు పదో పేజీ మేమే రాసి ఇచ్చినట్టయ్యేది. మొదటి ఫిర్యాదు బలహీనపడినా రెండోదానికి ఏమీ కాదు. ఫిర్యాదు చేసినందుకు దెబ్బ తగిలిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న.

పరిష్కారం, ఆ తర్వాత ఏర్పాటు

లాగిన్ తిరిగి ఇచ్చారు. రేటింగ్‌ను వేరే విభాగాధిపతి పాత రికార్డుల ఆధారంగా మళ్లీ చూసి పైకి సవరించారు, తేడా ఇంక్రిమెంట్ చెల్లించారు. బల్ల ఎక్కడ కావాలో ఆమెనే అడిగారు. ఆమె పాత చోటే కావాలన్నారు. షిఫ్టు మారలేదు, రాత్రి దిగే స్టాపు దగ్గరికి కంపెనీ బస్సు మళ్లించారు. జరిగినదాన్ని ఒప్పుకుంటూ ఎండీ సంతకంతో ఒక ఉత్తరం ఇచ్చారు. న్యాయవాదులకు ఉత్తరాలంటే భయం, అవి రేపు సాక్ష్యాలవుతాయని. నేను ఇవ్వమనే చెప్పాను. ఆమె అడిగిన వాటిలో డబ్బు కన్నా ముందు ఉన్నది అదే. నోటీసు ఉపసంహరించుకున్నారు.

ఇక ఏర్పాటు. పెద్ద పాలసీ పుస్తకం రాయలేదు. ఉన్నదాన్నే ఎవరూ చదవలేదు. ఫిర్యాదు అందిన క్షణం నుంచి ఫిర్యాదీ, సాక్షుల షిఫ్టు, పని, సెలవు, రేటింగ్, శిక్షణ, క్రమశిక్షణ చర్యల్లో ఏ మార్పు జరగాలన్నా, జరగడానికి ముందే ఒక నిర్దిష్ట అధికారి దగ్గరికి రావాలి. ఆయన ల్యాబ్‌కు సంబంధం లేని ఫైనాన్స్ విభాగం మనిషి. ఫిర్యాదులో ఏముందో ఆయనకు చెప్పరు, పేర్లు మాత్రమే తెలుస్తాయి. కారణం, దానికి ఆధారం, ఇదే పరిస్థితిలో ఇతరులకు ఏం చేశారు అన్న మూడు గడులు నిండితేనే సంతకం. వ్యాపార అవసరం అని రాస్తే వెనక్కి వస్తుంది.

దీనివల్ల ఫిర్యాదు చేసినవారిని ఇక తాకకూడదా అని సెక్షన్ అధిపతులు గొడవ చేశారు. తాకవచ్చు. ఆ కెమిస్టే తర్వాత ఒక డీవియేషన్ నివేదికను, అంటే నిర్ణీత పద్ధతి తప్పినప్పుడు రాయాల్సిన నివేదికను, గడువు దాటాక ఇచ్చారు. అదే తప్పుకు గతంలో మిగతావారికి ఏం ఇచ్చారో చూశారు: మౌఖిక హెచ్చరిక. ఆమెకూ మౌఖిక హెచ్చరికే వచ్చింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆమె మారుమాట లేకుండా తీసుకున్నారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రతివాదితో మొదటి రోజు జరగాల్సిన సంభాషణ. నోటీసు చేతిలో పెట్టి పంపేస్తే, ఆ సాయంత్రానికే లాగిన్ పోతుంది. ఇప్పుడు అక్కడ నోటీసు ఇచ్చే ముందు హెచ్‌ఆర్ అధిపతి కూర్చోబెట్టి దాదాపు ఇలా చెబుతారు: "మీ మీద ఆరోపణ వచ్చింది, అది నిజమని మేం అనుకోవడం లేదు, అబద్ధమనీ అనుకోవడం లేదు. మీ వాదన కమిటీ వింటుంది. ఈ రోజు నుంచి ఆమె రోజువారీ పనులు మీ డిప్యూటీ చూస్తారు. ఇది శిక్ష కాదు, మీ మీద రెండో ఆరోపణ రాకుండా కాపు. మీ స్నేహితులు మీ తరఫున ఆమెను ఏమైనా అన్నా, అది మీ ఖాతాలోనే పడుతుంది." కోపంతో ఊగిపోయేవారు కూడా కాపు అన్న మాట దగ్గర చల్లబడతారు. వాళ్లు భయపడుతున్నారని, ఆ భయంలోనే పిచ్చి పనులు చేస్తారని చాలామంది యజమానులు గుర్తించరు.

తర్వాత ఏడాది దాకా కొన్ని వారాలకోసారి హెచ్‌ఆర్ వాళ్లు ఫిర్యాదీని, సాక్షిని విడివిడిగా పిలిచి అడుగుతారు, జవాబు రాసుకుంటారు. "అంతా బాగానే ఉందా" అని అడిగితే బాగానే ఉందంటారు. అందుకని ప్రశ్నలు పనికి కట్టి అడుగుతారు: ఈ నెల ఏ యంత్రం మీద చేశారు, ఏ మీటింగ్‌కి పిలవలేదు, ఏ సెలవు దొరకలేదు. కొత్త వాట్సాప్ గ్రూపుల సంగతి అలాగే బయటపడుతుంది.

ఆ కెమిస్ట్ కొంతకాలానికి మెరుగైన జీతంతో మరో కంపెనీకి వెళ్లారు. దస్త్రం అప్పుడూ మూసేయలేదు. మన ఔషధ రంగంలో కొత్త కంపెనీ వాళ్లు హెచ్‌ఆర్‌కు మెయిలు పెట్టి ఊరుకోరు, పాత బాసుకు ఫోను చేసి "మనిషి ఎలాంటివారు?" అని అడుగుతారు. ఆ ఒక్క ఫోనులో అంతా మళ్లీ మొదలుకావచ్చు. ఉద్యోగం వదిలినవారికీ ఈ రక్షణ వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1997లో రాబిన్సన్ వర్సెస్ షెల్ ఆయిల్ కేసులో చెప్పింది కూడా సరిగ్గా ఇలాంటి చెడు సిఫారసు గురించే. అందుకని మాజీ ఉద్యోగుల గురించి వచ్చే ప్రతి ఫోనూ హెచ్‌ఆర్‌కే వెళ్లాలని, అక్కడ చేరిన తేదీ, వదిలిన తేదీ, చివరి హోదా తప్ప మరేమీ చెప్పకూడదని ల్యాబ్‌లో అందరి చేత సంతకాలు తీసుకున్నారు. సెక్షన్ అధిపతి సంతకం కూడా ఆ కాగితంలో ఉంది.